ఉత్తరపు గోడ

గది ఎందుకో ఇంకా తేలలేదు.
లిసాండ్రో వలలు పెట్టుకుంటానంటాడు,
నేను కుట్టుమిషను వేసుకుంటానంటాను.
లోపల ఏముండాలో తెలియకుండానే
పైన ఏం తొడగాలన్న దగ్గర
నాలుగు నెలలుగా పోట్లాడుకుంటున్నాం.

మా చిలోయే దీవిలో వాన ఉత్తరం నుంచి వస్తుంది.
పైనుంచి కాదు, పక్కనుంచి,
బాకీ వసూలుకొచ్చినవాడిలా
తలుపు వదిలేసి గోడ బాదుతుంది.
ఇక్కడ ఇంటి ముఖమంటే
వీధికి కనిపించేది కాదు,
వానకి ఎదురు నిలబడేది.

వంటింటి పక్కన బంగాళాదుంపల మడిలో
నాలుగు కర్రలు పాతి తాడు కట్టాం.
తాడు లోపల రెండు వరసలు ఇంకా తవ్వలేదు.
గోడలు లేవాలంటే
ముందు అవి కుండలోకి రావాలి.
వారం రోజులు మా కాబోయే గదిని
ఉడకబెట్టుకుని తిన్నాం.

లిసాండ్రో కాస్త్రో వెళ్లి
రెండు జానల జింకు రేకు ముక్క తెచ్చాడు.
వేలితో మీటి వినిపించాడు, "ముప్పై ఏళ్లు."
పాలడబ్బాలో కాపురం చెయ్యనన్నాను.
సిమెంటు పలకలమ్మే కుర్రాడొచ్చి
"అచ్చం చెక్కలాగే ఉంటుందమ్మా" అన్నాడు.
చెక్కలాగే ఉండటం
చెక్కకింకా బాగా వచ్చు కదా, నాయనా.

అలెర్సే చెట్టుని ఇప్పుడు కొట్టకూడదు.
వేల ఏళ్లు నిలబడ్డ చెట్టు పక్కన
చట్టం మొన్నమొన్ననే వచ్చి నిలబడింది.

వడ్రంగి నాహుయెల్కిన్ వచ్చాడు.
మా పాత గోడని చూడలేదు, వాసన చూశాడు.
"కొండవతల బడి విప్పేస్తున్నారు,
చెక్కపెంకులు అడిగి చూడనా?"
ఒక పొట్టేలు, కొంత డబ్బు, మూడు ట్రక్కులు.

వానతిన్న వైపు బూడిద.
తిప్పితే, లోపలి వైపు ఎర్రగా,
నిన్ననే చీల్చినట్టు.
"తిప్పి కొడదాం," అన్నాడు,
"ఇంకో బతుకుంది వీటికి."

వాటిలో ఒకదాని వెనక పెన్సిలు రాత.
పడమటి గోడకి పదకొండు వందల అరవై,
ఉత్తరపు గోడకి పద్నాలుగు వందల ఎనభై,
మొత్తం రెండు వేల ఆరు వందలు.

నాహుయెల్కిన్ చెవి మీది పెన్సిలు తీసి
మళ్లీ కూడాడు.
నలభై తక్కువ.
అరవై, ఎనభై కలిపి వంద చేసేశాడు మహానుభావుడు.

పడమరా ఉత్తరమూ కలిసే ఆ మూల
మూడో బల్ల నాది.
నాలుగేళ్లు, శీతాకాలం పొడవునా
నా లెక్కల పుస్తకం మీద బొట్టు, బొట్టు.
సిరా కారి అంకెలు అలుక్కుపోతే
టీచరమ్మ యుఫ్రాసియా చెవి మెలేసేది,
"ఎదెల్మీరా, నీకు కూడిక ఎప్పుడొస్తుందే?"

నేల మీద కూలబడి నవ్వాను.
కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను.
లిసాండ్రో మేకు పట్టుకుని నిలబడిపోయాడు,
ఏం చెప్పాలి అతనికి,
అతను దక్షిణపు బల్లలవాడు,
పొడిగా చదువుకున్నాడు.

రాత ఉన్న పెంకుని మాత్రం తిప్పనివ్వలేదు.
సరైన మొత్తం కింద రాయించి
బూడిదవైపే బయటికి పెట్టి కొట్టించాను.
ఎర్రటి గోడలో అదొక్కటే ముసలిది.
ఎప్పుడో ఎవరో ఈ గదినీ విప్పుతారు,
వాళ్లకి ఉపయోగపడుతుంది.

మాకూ చివర్లో చాలలేదు.
కిటికీ పైన రెండు జానల జాగా.
లిసాండ్రో పొయ్యి వెనక్కి వెళ్లి
ఆ జింకు ముక్క తెచ్చి దిగ్గొట్టాడు.
ఒక్క మాటా అనలేదు.
పెళ్లయ్యాక
గెలిచి కూడా ఊరుకోవడం అదే మొదలు.

రాత్రి ఉత్తరపు వాన పట్టుకుంది.
చెక్క తాగుతూ పడుకుంది.
ఆ రెండు జానలే టకటకమని
తెల్లవార్లూ ఒకటే వాగుడు.

ఖాళీ గదిలో దుంపల బస్తా మీద కూర్చుని
ఇద్దరం వింటున్నాం.
"మిషను ఇక్కడ పెడితే వెలుతురు బాగుంటుంది,"
అంటున్నాడు లిసాండ్రో.
నేను వలలకి కొక్కేలు ఎక్కడ బాగుంటాయా అని
గోడ చూస్తున్నాను.